ఊరికే నోరాడించినా

కరోనా లాక్‌డౌన్లు ముగిసి, ఆసుపత్రి వరండాల్లో జనం మళ్ళీ మాస్కుల్లేకుండా దగ్గడం మొదలుపెట్టిన ఏడాది అది. కన్నడ రాష్ట్రంలోని చింతామణిలో ఒక నర్సింగ్ హోమ్‌లో నేను డైటీషియన్‌ని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. డైటీషియన్ అంటే రోగి ఏం తినాలో, ఎంత తినాలో చెప్పే మనిషి. మా వైపు జనానికి ఇదొక ఉద్యోగమని నమ్మకం కుదరదు. బాగేపల్లిలో మా అమ్మను ఎవరైనా "మీ పాప ఏం పని చేస్తాండాది?" అని అడిగితే, "ఆసుపత్రిలో అందురినీ అన్నం తినొద్దని చెప్తాది" అంటుంది. ఆ మాటతో నాకు పెద్ద పేచీ లేదు.

నా గది మెట్ల కింద ఉంటుంది. డాక్టరు చీటీ రాసిస్తేగాని ఎవరూ అటు తొంగిచూడరు. వచ్చినవాళ్ళతో నేను మొదట చేసే పని డైట్ రీకాల్. అంటే, నిన్న లేచినప్పటి నుంచి పడుకునేదాకా నోట్లోకి పోయిందంతా గుర్తు చేసుకుని చెప్పమనడం. చెప్పడానికి ఇంతే గాని, ఇందులో ఉన్నంత తిరకాసు రక్తపరీక్షలో కూడా ఉండదు. జనం సగం మరిచిపోతారు, కొంత దాస్తారు, కొంత మనం సంతోషపడతామని కలుపుతారు.

మంజునాథ్ మాత్రం చీటీ లేకుండానే వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, మండికల్ దగ్గర పల్లె. తోటల్లో టమాటా బాక్సులు ఎక్కించుకుని చింతామణి మార్కెట్‌కు తోలే చిన్న గూడ్స్ బండి అతనిది. పొట్ట దగ్గర చొక్కా గుండీలు బిగదీసుకుని ఉన్నాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో స్కానింగ్ ఫిల్ములు.

"బెంగళూరులో నా లివర్ వద్దన్నారమ్మా" అన్నాడు, ఇంకా కూర్చోకుండానే.

కూర్చోబెట్టి అడిగితే విషయం తెలిసింది. కైవారంలో అతని అక్క ఉంది, పేరు సరోజ. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తే పొరపాటున సొంత లివర్ మీద పడి దాన్ని తినేసే జబ్బు ఆమెది. మందు వాసన కూడా ఎరగని మనిషి. అయినా లివర్ పోయిందని వినగానే ఊళ్ళో ప్రతివాడూ "తాగుతాదా?" అని అడిగేవాడట. ఇక మిగిలిన దారి ట్రాన్స్‌ప్లాంట్. బతికున్న మనిషి లివర్‌లో కొంత భాగం కోసి ఇంకొకరికి పెట్టొచ్చు. ఇచ్చినవాళ్ళకు మిగిలిన ముక్క మళ్ళీ పెరుగుతుంది. సరోజ భర్త రక్తం ఆమెకు కుదరలేదు. తల్లికి వయసు మీరింది. కూతురు ఇంకా స్కూల్లో ఉంది. కుదిరింది మంజునాథ్ ఒక్కడికే. తీరా స్కాన్ చేస్తే, అతని లివర్ నిండా కొవ్వు. దీన్ని మేము ఫ్యాటీ లివర్ అంటాం. అలాంటి ముక్క పెడితే అక్కకూ ప్రమాదమే, తమ్ముడికీ ప్రమాదమే. కొవ్వు కరిగించుకుని రా, అప్పుడు మళ్ళీ చూస్తాం అన్నారు అక్కడి డాక్టర్లు.

"అంతదాకా అక్క తట్టుకోవాల" అన్నాడు మంజునాథ్. ఆ మాట అంటూ నా మొహం చూడలేదు, గోడ మీది పండ్ల బొమ్మల పటం చూశాడు.

"మందు తాగుతావా అప్పా?"

"కైవారం తాతయ్య సామి మీద ఆన. బీడీ గూడా ముట్టను."

"మరి తిండి ఏం తింటాండావు?"

"ఇడ్లీ. రెండో, మూడో."

"ఊట?"

"రాగి సంగటే కదమ్మా. మజ్జాన్నం సంగటి, రాత్రికి సంగటి. అనపగింజల చారో, ఆకుకూర పులుసో. పండగపూట తప్ప అన్నం జోలికే పోను."

బయటివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేము ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం మాట్లాడే జనం. తెలుగులో తిండి అంటే తినేదంతా. కన్నడంలో తిండి అంటే పొద్దుటి టిఫిన్ మాత్రమే. మధ్యాహ్నం, రాత్రి తినేది ఊట. మా దగ్గర ఎవరు ఏ అర్థంలో వింటారో చెప్పలేం. అందుకే నేను రెండు మాటలతోనూ అడుగుతాను. రెండు భాషల వల వేశాక తప్పించుకుపోయే ముద్ద ఉండదని నా ధీమా.

సంగటి తగ్గించాను, నూనె తగ్గించాను, పొద్దున నడవమన్నాను. మంజునాథ్ బుద్ధిమంతుడైన పిల్లాడిలా అన్నిటికీ తలూపాడు. వారం వారం వచ్చి బరువు చూసుకునేవాడు. ముల్లు కదల్లేదు. ఇంకోసారి చూశాం, కదల్లేదు. అతని భార్య రత్నకు ఫోన్ చేశాను.

"సంగటి సగం చేసేసినానమ్మా" అందామె. "అంత పెద్ద మనిషికి అంత చిన్న ముద్ద పెట్టల్లంటే నాకే చేతులు రావడంల్యా. ఆయప్ప ఒక్క మాట అనకుండా తిని లేస్తాండాడు."

అబద్ధం చెబుతున్నాడని అనుకోవడం మా వృత్తిలో అన్నిటికంటే సులువు. అలా అనుకుంటే ఇక మనం ఆలోచించక్కర్లేదు. కాని అతన్ని చూస్తే అబద్ధాల మనిషిలా లేడు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాం. అన్నీ సరిగానే ఉన్నాయి.

ఈలోగా సరోజ పొట్టలో నీరు చేరింది. దాన్ని సూదితో తీయించుకోవడానికి మా నర్సింగ్ హోమ్‌కే వచ్చింది. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. కాళ్ళూ చేతులూ పుల్లలు. ఉప్పు దాదాపు మాన్పించేశారు కాబట్టి ఏది తిన్నా ఒకటే రుచి అని నవ్వింది. నేను బయటికి వస్తుంటే చెయ్యి పట్టుకుంది.

"వాన్ని తిట్టొద్దమ్మా. చిన్నప్పటి నుంచి ఆకలికి ఓర్వలేడు వాడు. నా కోసరం కడుపు మాడ్చుకుంటాండాడు."

నాకు నిజంగా బాధేసింది. కడుపు మాడ్చుకుంటున్నది నిజమైతే ఆ మాడ్చుకోవడం ఎక్కడ పోతున్నట్టు?

ఆ రోజు అక్కకు తోడుగా మంజునాథ్ పొద్దున్నే వచ్చాడు. బరువు తర్వాత చూద్దాం, ఉండమన్నాను. "ఆకలైతాండాది గానీ పర్వాలేదమ్మా, ఇంటికి పోయే దాకా ఏమీ తిననులే" అని బయటికి వెళ్ళాడు. కాసేపటికి తిరిగొచ్చి త్రాసు ఎక్కాడు. గదంతా వేయించిన వెల్లుల్లి, సోయా సాస్ వాసన.

"యాడికి పోయింటివి అప్పా?"

"ఈడే, గేటు ముందరికి."

"ఏం తిన్యావు?"

"ఏమీ తినలేదమ్మా."

గడ్డం మీద ఎర్రటి మరక. చేతి అద్దం తీసి చూపించాను. అతను వేలితో తుడుచుకుని, ఆ వేలు చూసుకున్నాడు. సిగ్గు లేదు, కంగారు లేదు.

"ఓ, ఇదా! గోబీ. ఊరికే నోరాడించినా."

నోరాడించడం. ఆ మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే. మా అవ్వ మధ్యాహ్నం పూట చెరగులో బొరుగులు, నాలుగు శెనక్కాయలు పోసుకుని అరుగు మీద కూర్చుంటే "ఏం తింటాండావవ్వా?" అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అది తినడం కాదు, నోరాడించడం. పొద్దుపోవడానికి చేసే పని. ఆకలికీ దానికీ సంబంధం లేదు. కాబట్టి అది తిండీ కాదు, ఊటా కాదు. నా రెండు భాషల వలలో అది పడకపోవడంలో వింతేముంది? ఇన్నేళ్ళలో బొరుగులున్న చోటికి గోబీ మంచూరి వచ్చి కూర్చుంది. పేరు మాత్రం పాతదే మిగిలింది.

"సరే, నిన్న పొద్దున్నుంచి నోరాడించిందంతా చెప్పు చూద్దాం" అన్నాను.

హుషారుగా మొదలుపెట్టాడు. "మార్కెట్లో హరాజు అయ్యేదాకా ఏం చేసేదమ్మా, ఒక గోబీ. మల్లా బాగేపల్లి రోడ్డులో డీజిల్ పట్టిచ్చుకునే కాడ ఎగ్ పఫ్. నిద్ర రాకుండా కూల్ డ్రింకు. సాయంత్రం లోడు దిగినాక నూడుల్స్, మనోళ్ళు ఉంటే ఫుల్ ప్లేటు. ఇంటికి పోతా పోతా పాపకని చిప్స్ కొంటా, దాంట్లో సగం..." చెప్తూ చెప్తూ నెమ్మదించాడు. గొంతు తగ్గింది. "ఇదంతా లెక్కేనా అమ్మా?"

"నాకు కాకపోయినా నీ లివర్‌కు లెక్కే అప్పా."

పైన వార్డులో అక్క పడుకున్న వైపు తలెత్తి చూశాడు. తర్వాత కోపం వచ్చింది, నా మీద కాదు. "ఆ గోబీ బండ్లోల్లను ఊర్లో నుంచి ఎత్తేయాలమ్మా. రంగు కలిపి విషం పెడ్తాండారు."

"ఆయప్ప వచ్చి నీ నోట్లో పెట్టినాడా?"

అతను తల దించుకుని గడ్డం ఇంకోసారి తుడుచుకున్నాడు. నేనూ ఇంకా పొడవలేదు. ఎందుకంటే అతని వైపూ న్యాయం ఉంది. కాలే కడుపుతో లోడు దించే వేళకు మార్కెట్ చుట్టుపక్కల దొరికేది అదే. బండి పెట్టుకున్నవాడు కూడా తన పిల్లల కోసమే పొయ్యి ముందు మాడుతుంటాడు. తప్పు ఎవరిదెంత అని పంచుకుంటూ కూర్చోవచ్చు. కాని బెంగళూరు డాక్టర్లు చూసేది తప్పును కాదు, కొవ్వును. అది ఉన్నది మంజునాథ్ ఒంట్లో.

"బండి నిండా టమాటాలు పెట్టుకొని, ఎర్ర సాస్ కోసరం ఊరంతా తిరుగుతాండావు కదప్పా" అన్నాను చివరికి. నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

నోరాడించడం మానమని చెప్పలేదు. చెప్పినా అతని వల్ల కాదు. నోట్లో ఆడేదాన్ని మార్చాం. సంగటి ముద్దను మళ్ళీ కొంచెం పెద్దది చేశాను, కడుపు నిండితే బయట చూపు తగ్గుతుందని. రత్న డబ్బాలో దోసకాయ ముక్కలు, వేయించిన శెనగలు కట్టిచ్చేది. హరాజు, అంటే టమాటాల వేలం, జరిగేంతసేపు బండి దగ్గర కూర్చోకుండా మార్కెట్ చుట్టూ నడిచేవాడు. తోటి డ్రైవర్లు "ఏంరా, ఇల్లరికం అల్లుని మాదిరి డబ్బా తెచ్చుకుంటావు" అని ఏడిపించేవాళ్ళట. "గోబీ వాసన తగిలితే అక్క కండ్లు గుర్తు చేసుకుంటానమ్మా. అంతే, కాళ్ళు వాటంతట అవే ముందుకు పోతాయి" అని చెప్పాడొకసారి. ఈసారి త్రాసు ముల్లు మాట విన్నది.

మధ్యలో సరోజ రక్తం కక్కుకుని ఐసీయూలో చేరింది. ఇక అయిపోయిందనే అనుకున్నాం. ఆ వారం మంజునాథ్ నా దగ్గరికి రాలేదు. నేనూ ఫోన్ చేయడానికి భయపడ్డాను. ఆమె ఎలాగో గట్టెక్కింది. తర్వాతి స్కాన్‌లో తమ్ముడి లివర్ పనికొస్తుందన్నారు. ఆపరేషన్ జరిగింది. ఇద్దరూ ఇంటికొచ్చారు. మురుగమల్ల దర్గాకు మొక్కుకున్న రత్న, దర్శనం చేసుకుని వస్తూ నాకు కూడా చక్కెర ప్రసాదం తెచ్చిపెట్టింది. డైటీషియన్‌నని కూడా చూడలేదు. తిన్నాను.

ఇంతటితో అయిపోతే ఇది రాయాల్సినంత కథ కాదు.

ఏడాది దాటాక సరోజ మా నర్సింగ్ హోమ్‌కు వచ్చింది. కళ్ళు తెల్లగా, మనిషి నిండుగా ఉంది. పెరుగు తినొచ్చా, పచ్చి ముల్లంగి తినొచ్చా, ఊరగాయ ఎంత వేసుకోవచ్చు అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. అంత జాగ్రత్తగా అడిగే రోగులు నాకు తక్కువ. వెనకాలే మంజునాథ్. చొక్కా గుండీలు మళ్ళీ బిగుసుకుని ఉన్నాయి.

"వాడు మల్లా గోబీ బండి కాడ నిలబడ్తాండాడమ్మా" అంది సరోజ.

"అప్పుడంటే నీ కోసరం మానేస్తి" అన్నాడు మంజునాథ్. "ఇప్పుడు ఎవురి కోసరం మానల్ల? ఒళ్ళు నాది. తినేదీ నేనే. నా ఇష్టం కదా అక్కా."

ఈ మాట నేను రోజూ వింటాను. దీనికి నా దగ్గర ఇంగ్లీషులో, కన్నడంలో, తెలుగులో జవాబులున్నాయి. ఏదీ పని చేయదు. నేను నోరు తెరిచేలోపే సరోజ అందుకుంది.

"నీదా? అట్లయితే నా కడుపులో ఉండేది ఎవురిదిరా? నీ లివర్‌ను ఉప్పు గూడా చూసి చూసి వేసుకొని సాక్తాండా నేను. ఇచ్చినోడివి, నీ కాడ ఉండే ముక్కకు గోబీ మేపుతాండావు."

మంజునాథ్ చేయి తెలియకుండానే పొట్ట మీదికి, ఆపరేషన్ గీత ఉన్న చోటికి పోయింది.

అక్క కోసం మానగలిగిన మనిషి తన కోసం మానలేకపోవడం ఆ తర్వాత నేను చాలామందిలో చూశాను. నాకు అర్థమైనంతలో, తమ ఒంటిని తమదనుకున్నంత కాలం జనం దాన్ని పెద్దగా లెక్కచేయరు. ఆ కేసు తర్వాత నేను నేర్చుకున్నది రెండు. ఒకటి, తిండి, ఊట అయ్యాక "ఏం నోరాడిస్తాండావు?" అని మూడో ప్రశ్న తప్పకుండా అడుగుతాను. రెండోది, ఆ ప్రశ్న నా కంటే బాగా అడిగే మనిషి ఒకరు ఇంట్లో ఉన్నారేమో చూస్తాను.

సరోజ ఇప్పుడు హరాజు వేళకు తమ్ముడికి ఫోన్ చేస్తుంది. తిన్నావా అని అడగదు. మొన్న మంజునాథ్ నా గదిలో ఉండగానే ఫోన్ మోగింది. స్పీకర్ లేకుండానే ఆమె గొంతు నాకు వినబడింది.

"నోట్లో ఏముండాదిరా?"

మంజునాథ్ నా వైపు చూసి, చిన్నపిల్లాడిలా నోరు బాగా తెరిచి చూపించాడు.

"ఏమీ లేదక్కా" అన్నాడు.

ఆ పూట అది నిజమే.