నేను చూడని పగటివేషాలు

ఆ రోజు పొద్దున కూర్చుని చెక్క గరిటె చెక్కుతుంటే కుడికాలి చీలమండ దగ్గర మంట పుట్టింది. చూస్తే చిన్న పొక్కు. ఉదయగిరిలో దిగుడుబావి నీళ్ళు తాగే మాకు అలాంటి పొక్కు కొత్త కాదు. రెండు మూడు రోజుల్లో అది చితికి, తెల్లటి దారంలా నారిపురుగు తల బయటపెట్టింది. మా అవ్వ చూసి, "నారికురుపురా. ఇంక నువ్వు అరుగు దిగేదానికి లేదు," అనింది.

నాకు ఏడుపొచ్చింది, నొప్పికి కాదు. ధాత ఏటి పెద్ద కరువు పోయి, వానలు పడి, పగటివేషాలవాళ్ళు మళ్ళీ మా ఊరొచ్చిన రోజులవి. రోజుకొక వేషం కట్టి బజారులో తిరుగుతూ నిజం మనుషులేనని నమ్మిస్తారు. నా ఈడువాళ్ళంతా వాళ్ళ వెంటే. సాయంత్రం నా జతగాడు మస్తాను వచ్చి కరణం వేషగాడి మాట ఒకటి అనేవాడు. వెంట వచ్చినవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఎందుకో తెలియకపోయినా నేనూ నవ్వేవాణ్ణి. "నువ్వు చూడాల్సిందిరా, చెప్తే రాదు," అనేవాడు మస్తాను. ఆ మాట కురుపుకంటే ఎక్కువ సలిపేది.

ఒకరోజు, "ఇయ్యాల హకీము వేషమంట. మీ సందులోకి పంపిస్తాలే," అన్నాడు.

మధ్యాహ్నం ఒకాయన రానే వచ్చాడు. గోరింటాకు పెట్టిన ఎర్రగడ్డం, ఆకుపచ్చ తలపాగా, చంకలో పెట్టె. నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆయన నా కాలు చూసి, నా దగ్గరున్న చెక్కపుల్లకే పురుగు కొస చుట్టి, "రోజూ కొంచెమే చుట్టాల. లాగితే తెగుతాది. తెగితే కాలు చెడతాది," అన్నాడు. నేను చప్పట్లు కొట్టాను.

"ఏం మాట్లాడినావన్నా. గడ్డం కూడా భలే అతికినావే."

ఆయన నా నుదుటిమీద చెయ్యి పెట్టి, "జ్వరం తలకెక్కినట్టుండాది," అని అవ్వతో అన్నాడు. దానికి ఇంకా నవ్వాను.

అవ్వ కబురుపెడితే వింజమూరు నుంచి వచ్చిన అసలు హకీము ఆయనని, తర్వాత అవ్వ చెప్పేదాకా నాకేం తెలుసు? వేషగాడి వైద్యం ఎవడు పాటిస్తాడు? మర్నాడు ఆఖరి వేషం ఎలాగైనా చూడాలని పురుగును పట్టి లాగేశాను. తెగింది. సాయంత్రానికి కాలు మోకాలిదాకా వాచింది.

బండిలో ఆత్మకూరు ఆస్పత్రికి తీసుకుపోయారు. కాలు ఉంటుందా పోతుందా అని దారంతా బండివాణ్ణి అడుగుతూనే ఉన్నాను. అక్కడి డాక్టరు, "గినీ వర్మ్. లోపల ఆబ్సెస్, అంటే చీముగడ్డ అయింది, కోయాలి. లాగొద్దని ఎవరూ చెప్పలేదా?" అని అడిగాడు.

"చెప్పినారయ్యా. ఆయన వేషగాడనుకున్నా."

డాక్టరు కత్తి పక్కన పెట్టి నవ్వాడు. నవ్వాగి చెయ్యి కుదిరాకే కోసి, చీము తీసి బ్యాండేజ్ కట్టాడు. పుండు మానడానికి నెలలు పట్టాయి. ఇప్పుడు కొంచెం కుంటుతాను, అంతే. గరిటెలు మామూలుగా చెక్కుతున్నాను.

ఈ ఏడు వేషగాళ్ళు మళ్ళీ వచ్చారు. హకీము వేషం రోజున వాళ్ళలో ఒకడు అరుగుమీద పడుకుని చప్పట్లు కొడుతూ, "గడ్డం కూడా భలే అతికినావే," అన్నాడు. మస్తాను వాళ్ళకు చెప్పి చేయించిన పనే అది. బజారంతా నావైపు తిరిగి నవ్వింది. నా ఈడువాళ్ళ మధ్య నిలబడి, ఈసారి ఎందుకో తెలిసే నవ్వాను.

నీళ్ళు గుడ్డలో వడగట్టుకుని తాగండి. నారిపురుగు బయటపడితే లాగొద్దు, రోజూ కొంచెం పుల్లకు చుట్టండి. చెప్పేవాడు వేషగాడైనా సరే, ఆ మాట వినండి.