నీళ్ళ కింది గడప

తాసింగ్ అవ్వకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆరేళ్ళప్పుడు తల్లి వెంట గుల్లలు ఏరడానికి మేట మీదికి దిగింది, ఇంకా గట్టెక్కలేదు అని ఊళ్ళో నవ్వుతూ అంటారు. ఆటు వేళ నీళ్ళు వెనక్కి తగ్గితే మా ఊరు సాన్ ఎలాడియో ముందు మైలు పొడవున ఇసుకమేట బయటపడుతుంది. మొగుడు పీలో తన పడవతో సహా తుఫానులో పోయాక నలుగురు పిల్లల్ని ఆమె ఆ మేట మీదే పెంచింది. చంటివాడికి పాలు చాలకపోతే గుల్లల రసంలో మునగాకు వేసి కాచి పట్టేదట.

ఆ మేట చెయ్యిజారిపోతుందన్న భయం మొన్న ఏప్రిల్లో పట్టుకుంది.

మేటకి ఉత్తరాన ఉన్న ఊరు లంగ్‌కాయన్. అక్కడి కౌన్సిలరు లిబ్రాడో మేట దక్షిణం కొస దగ్గర అడ్డంగా వెదురు గెడలు పాతించి, వాటిని దాటి అడుగు పెట్టొద్దన్నాడు. గుల్లలు దొరికేదంతా అవతలే. ఇవతల ఒట్టి ఇసుక, గడ్డి. మేం ఆడవాళ్ళం పదిహేడు మందిమి గెడల దగ్గర కాసేపు నిలబడి ఖాళీ బుట్టలతో తిరిగొచ్చాం. అవ్వ ఒక్కతే దాటింది. లిబ్రాడో మనుషులు ఆమె బుట్ట లాక్కున్నారు.

రెండు ఊళ్ళ హద్దుకి ఆధారం ఒకే ఒక్క కాగితం. స్పెయిన్ దొరల నాటిది, ప్రావిన్సు కచేరీలో ఉంది. ‘పాత చర్చి గుమ్మం నుంచి ఏరు సముద్రంలో కలిసే చోటు దాకా తిన్నగా’ అని అందులో రాశారు. ఆ చర్చి ఇప్పుడు లేదు. మా ఊరు మొదట్లో మేట ఉన్న చోటే ఉండేది. ఒక పెద్ద తుఫానులో సముద్రం దాన్ని మింగేస్తే మిగిలినవాళ్ళు కొండవాలు ఎక్కి ఇప్పటి ఊరు కట్టుకున్నారు. పాత ఊరికి గుర్తుగా మేట దక్షిణం కొసన నాచు పట్టిన రాళ్ళగుట్ట ఒకటి మిగిలింది. చర్చి అదే అన్నాడు లిబ్రాడో. కాదనడానికి మా మేయరు దుమాలగన్‌కి నోరు లేదు. ఏటా పండగనాడు పడవలో పూలు తీసుకెళ్ళి, పాత చర్చి అనుకుని ఆయన వేసేది ఆ గుట్ట మీదే. అక్కడి నుంచి గీత గీస్తే గుల్లల నేలంతా గీతకి ఉత్తరాన పడి లంగ్‌కాయన్‌ది అయిపోతుంది.

జూన్‌లో, మిట్టమధ్యాహ్నం ఆటు ఉండే రోజు చూసుకుని సర్వేయరు ఒర్బెతా వచ్చాడు. రెండు ఊళ్ళ జనమూ మేట మీద చేరారు. ఆయన మూడుకాళ్ళ యంత్రాన్ని గుట్ట పక్కన నిలబెడుతుంటే అవ్వ దగ్గరికి వెళ్ళింది.

“బాబూ, అది గంట గోపురం.”

“గంట ఉన్న చోటే కదమ్మా చర్చి ఉండేది?”

“దోపిడీ దొంగల పడవలు వస్తుంటే ఊరికి చెప్పడానికి కట్టిన గోపురం అది. సముద్రం అంచునే ఉండాలి. చర్చి నెత్తిన కడితే, భూకంపం వచ్చినప్పుడు పూజలో ఉన్నవాళ్ళ మీద పడదా?”

లిబ్రాడో నవ్వాడు. “గుల్లలు ఏరీ ఏరీ సర్వేయరువి కూడా అయ్యావా అవ్వా? ఆ చర్చి నువ్వు చూశావా?”

“నేను చూళ్ళేదు నాయనా. మీ తాతా చూళ్ళేదు. కాకపోతే ఆయన నీలాగా గెడలు పాతలేదు.”

జనం నవ్వారు. మేయరు ఆమె చెవి దగ్గర గొణిగాడు. “ఇన్నేళ్ళూ ఇక్కడ పూలు వేస్తుంటే చెప్పొద్దూ?”

“పూల పడవలో నన్నెప్పుడు ఎక్కించుకున్నావ్, చెప్పడానికి?”

ఆ తర్వాత ఆమె చేసిన పని మేమెవరం ఊహించలేదు. లంగ్‌కాయన్ ఆడవాళ్ళలోంచి బెరాంగ్‌ని పిలిచింది. బెరాంగ్ లిబ్రాడోకి సొంత పిన్ని. ఆవిడా చిన్నప్పటి నుంచి గుల్లలు ఏరే మనిషే.

“బెరాంగ్, ఇక్కడి నుంచి గుల్లల నేల అవతలి దాకా నడువు. రోజూ ఎలా వెళ్తావో అలాగే.”

“ఎందుకే?”

“ముందు నడువు.”

బెరాంగ్ వదరుతూనే బయల్దేరింది. మూడు వందల అంగలు ఉత్తరానికి పోయి, గుల్లల నేల చివరికి చేరాక మాట ఆపేసింది. తాటాకు టోపీ తీసి చంకలో పెట్టుకుంది. ఒట్టి ఇసుకలో, అక్కడేదో అడ్డం ఉన్నట్టు ఎడంగా చుట్టు తిరిగి, దాటాక మళ్ళీ టోపీ పెట్టుకుని వదరడం మొదలెట్టింది.

“ఇప్పుడు మీరంతా,” అంది అవ్వ మాతో. పదిహేడు మందిమీ నడిచాం. పదిహేడు టోపీలూ అక్కడే దిగాయి. ఎప్పుడూ చేసేదే, కానీ అందరం ఒకే చోట తీస్తామని నేను గమనించింది అప్పుడే.

సర్వేయరు బెరాంగ్‌ని అడిగాడు. “టోపీ ఎందుకు తీశారు?”

“మా అమ్మ తీసేది.”

“మరి ఎందుకు చుట్టు తిరిగారు?”

“అక్కడ తొక్కకూడదు, తవ్వకూడదు. మా అమ్మ కొట్టేది.”

“రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ ఇంతే బాబూ,” అంది అవ్వ. “ఎందుకో ఒక్కరికీ తెలీదు. నేనూ మొన్న బుట్ట పోయాక ఇంట్లో కూర్చుని ఆలోచిస్తేనే తట్టింది. మనం టోపీ ఎక్కడ తీస్తాం? చర్చి గుమ్మంలో కాక ఇంకెక్కడ తీస్తాం?”

అప్పటికే పోటు మొదలై పాదాలు తడుస్తున్నాయి. అవ్వ సిలువ గుర్తు వేసుకుని, గుల్లలు వెతికే ఇనుప చువ్వని ఇసుకలో దించింది. దిగబడిపోయింది. పక్కన దించింది. అదీ అంతే. మూడోసారి ఠక్కుమంది. మేమంతా చేతులతో తవ్వాం. మోకాలి లోతున పగడపురాతి గడప, నడిమి భాగం అడుగుల రాపిడికి గిన్నెలా అరిగిపోయి, బయటపడింది. అటూ ఇటూ ద్వారబంధం నిలిపే గుంటలు కూడా ఉన్నాయి.

లిబ్రాడో పిన్ని వైపు చూశాడు. “పిన్నీ, నువ్వు ఎవరి వైపు?”

“నడవమంది, నడిచాను. నువ్వు ఏనాడైనా బుట్ట పట్టుకుని ఇటు వచ్చుంటే నీకూ తెలిసేది.”

సర్వేయరు పిక్కలోతు నీళ్ళలో యంత్రం నిలబెట్టి, గడప నుంచి ఏరు కలిసే చోటుకి గీత చూశాడు. గుల్లల నేలంతా గీతకి దక్షిణాన పడింది, అంతా మా ఊరిదే. మేయరు చొక్కా తడుపుకుంటూ అవ్వని ఎత్తబోతే చేతిమీద ఒక్కటేసింది.

అవ్వ మాత్రం బెరాంగ్‌తో మాట్లాడుతోంది. “రేపు మీవాళ్ళని కూడా తీసుకురా. పది ఊళ్ళ బుట్టలు నిండే నేల ఇది.”

గట్టు మీద సర్వేయరు సాక్షి సంతకం కోసం కాగితం తీశాడు. అవ్వ అసలు పేరు అనస్తాసియా అబ్రెనికా అని రాసుకుని, వృత్తి ఏమిటని అడిగాడు.

“ఇంటి పని అని రాసెయ్యండి,” అన్నాడు మేయరు.

“అదెందుకు? గుల్లలు ఏరుతుంది అని రాయి బాబూ,” అంది అవ్వ. సర్వేయరు రాశాక నన్ను పిలిచి గట్టిగా చదివించింది. విని, అప్పుడు వేలిముద్ర వేసింది.