మైకు పనిచేయని రోజు పార్కులో వినిపించిన గొంతు

మా నాన్నగారు కోనసీమలో పురోహితులు. ఊళ్ళో పిల్లలకి జ్వరం వస్తే, గాలి సోకిందేమోనని ముందు మా ఇంటికే తీసుకొచ్చేవారు. ఆయన నుదుట విభూతి పెట్టి, "డాక్టరు గారికి చూపించండి, ఆలస్యం చెయ్యకండి" అని పంపేసేవారు. ఆ ఇంట్లో పెరిగినదాన్ని నేను. దెయ్యాల కథలు వింటే నవ్వొచ్చేదే గాని భయం వేసేది కాదు. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. కానీ ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం, వేలమంది జనం మధ్య జరిగినదాన్ని ఏమనాలో నాకు తెలియదు.

డిగ్రీ పూర్తవగానే నాకు ఉద్యోగం దొరికింది. రాజమండ్రి, తణుకు మధ్య హైవే పక్కన అప్పుడే కట్టిన పెద్ద వినోదాల పార్కులో. అలల కొలను, దాని పక్కనే కట్టిన కొండ, మంచు గది, జెయింట్ వీల్, బొమ్మ రైలు, వెనకాల కొబ్బరితోటలో రాత్రి ఉండేవాళ్ళకి రిసార్టు గదులు. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులవి.

బయటికి వెళ్ళే గేటు దగ్గర నిలబడి, వెళ్ళేవాళ్ళని "ఎలా ఉందండీ?" అని అడగడం నా పని. "కాగితాలిస్తే గుడ్ అని రాసి పడేస్తున్నారమ్మా. నువ్వు మాట్లాడించు, ఏమన్నారో సాయంత్రం నాకు చెప్పు" అన్నారు మేనేజరు గారు.

జనం దేన్ని మెచ్చుకుంటారో ముందుగా చెప్పడం ఎవరివల్లా కాదని ఆ గేటు దగ్గరే తెలుసుకున్నాను. విదేశాల నుంచి తెప్పించిన రైడ్ల గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. బాత్రూముల్లో చేతులు ఆరబెట్టే వేడిగాలి మిషన్ గురించి చెప్పనివాళ్ళు లేరు. ఒకాయన దాని కింద తడిసిన కండువా కూడా ఆరబెట్టుకుని వచ్చాడు. తణుకు నుంచి వచ్చిన ఒక మాస్టారు, "కొండ బాగుందండి. పైన చిన్న గుడి కట్టుంటే ఇంకా బాగుండేది" అన్నారు. జంగారెడ్డిగూడెం నుంచి లారీలో దిగిన ఒక పెద్దావిడ, "అన్నీ బాగున్నాయి గానీ భోజనంలో గోంగూర లేదేంటమ్మా?" అని నన్నే నిలదీసింది.

లోపల పనిచేసేవాళ్ళకి మాత్రమే తెలిసిన సంగతులు వేరే ఉండేవి. మంచు గదిని చల్లబరిచే యంత్రాలు పెట్టింది భీమవరంలో రొయ్యల కోసం ఐసు ఫ్యాక్టరీలు కట్టే మేస్త్రీలే. అలల కొలనులో నీళ్ళు గోదావరి కాలవవి, వడకట్టి వదిలేవారు. మాస్టారు మెచ్చుకున్న కొండ లోపలంతా డొల్ల. సిమెంటు పూసిన ఇనపచట్రం. దాని వెనకవైపు రాయిలాగే రంగేసిన తలుపు ఒకటి ఉండేది. ఆ తలుపు తీసుకుని వెళితే కొలనుకి నీళ్ళు తోడే మోటార్ల గది. వచ్చినవాళ్ళకి అక్కడ ఒక తలుపుందని కూడా తెలిసేది కాదు.

మా పార్కులో మైకు కామేశ్వరి గారిది. కాకినాడ మనిషి. యాభై దాటిన వయసు. ఆదివారం వస్తే పిల్లలు తప్పిపోవడం మామూలే. "తెల్లచొక్కా బాబు మంచు గది దగ్గర ఉన్నాడండి, అమ్మగారు కంగారు పడకుండా రావాలండి" అని ఆవిడ చెబుతుంటే, తప్పిపోయింది మన పిల్లాడే అయినా కాస్త ధైర్యం వచ్చేది. అలాంటి ఆవిడకి గొంతులో గడ్డ లేచింది. కాకినాడలో ఆపరేషన్ చేశారు. ప్రాణానికి భయం లేదు గానీ మాట మళ్ళీ వస్తుందో రాదో చెప్పలేమన్నారట.

ఆవిడ సెలవులో ఉండగానే ఒక శనివారం మైకు గదిలో ఆంప్లిఫయర్ నుంచి పొగ వచ్చింది. మా ఎలక్ట్రీషియన్ వెంకట్రాజు దాన్ని ఊడదీసి, రిపేరుకి రాజమండ్రి పంపించాడు. మర్నాడు కార్తీకమాసపు ఆదివారం. వనభోజనాల బస్సులు పొద్దున్నుంచే బారులు తీరాయి.

మధ్యాహ్నం భోజనాల వేళ ఒకావిడ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. జుట్టు విడిపోయి ఉంది, కాళ్ళకి చెప్పుల్లేవు.

"మేడంగారూ, మా నాగమణి కనపట్టంలేదండీ! నీలం గౌనండీ. ఇప్పటిదాకా నా కొంగు పట్టుకునే ఉందండీ!"

పేరు సత్తెమ్మ. నరసాపురం అవతల సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే కుటుంబం. పాపకి ఆరేళ్ళుంటాయి. మైకు లేదు కాబట్టి మా కుర్రాళ్ళు తలోవైపు కేకలు వేసుకుంటూ వెళ్ళారు. ఎవరైనా పాపని బయటికి తీసుకెళ్ళిపోతారేమోనని నన్ను గేటు వదలొద్దన్నారు. సత్తెమ్మ కొలను వైపు పరిగెత్తింది. నీళ్ళ దగ్గర బతికే మనిషి. ఆవిడ భయమంతా నీళ్ళ గురించే.

అప్పుడు బయటికి వస్తున్న ఒక జంట నేను అడగకుండానే ఆగారు. "మీ మైకులో ఆవిడెవరండీ? ఎంత నెమ్మదిగా చెబుతోందో. ఆ తల్లికి ప్రాణం లేచొచ్చి ఉంటుంది" అందావిడ. ఇంకెప్పుడో విన్నదాని గురించి అంటోందనుకున్నాను. నా కంగారులో నేనున్నాను.

వాళ్ళ వెనకే వేరే బస్సు తాలూకు ముసలాయన వచ్చి, "పాప దొరికిందామ్మా? మైకులో చెబుతున్నారుగా" అన్నాడు.

నా తలమీదే, గేటు స్తంభానికి ఒక స్పీకరు ఉంది. అందులోంచి చిన్న చప్పుడు కూడా రాలేదు.

"మైకులో ఏమన్నారండీ?" అని అడిగాను.

"నాగమణీ, అక్కడే కూర్చో తల్లీ, అడుగు ముందుకెయ్యకు. మోటార్ల గదిలోకి మీ అమ్మ వస్తోంది అని. రెండుసార్లు చెప్పారుగా. నీకు వినపళ్ళేదా?"

తల్లి కేకలు విని పేరు తెలిసి ఉండొచ్చు. మోటార్ల గది సంగతి ఆయనకెలా తెలుస్తుంది? అంతకుమించి ఆలోచించలేదు. గేటు సెక్యూరిటీ అతనికి అప్పగించి కొండ వెనక్కి పరిగెత్తాను.

రంగేసిన తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మసక వెలుతురు, మోటార్ల హోరు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది నాగమణి. చెయ్యి చాపితే అందేంత దూరంలో నీళ్ళ సంపు. శుభ్రం చెయ్యడానికి మూత తీసి, మళ్ళీ పెట్టడం మరిచిపోయారు. నల్లటి నీళ్ళు అంచుదాకా ఉన్నాయి.

పాపని ఎత్తుకుని సంపుకి దూరంగా జరిగాను. "ఎందుకు కూర్చున్నావమ్మా ఇక్కడ?" అన్నాను.

"కూర్చోమన్నారుగా" అంది.

నా కేక విని సత్తెమ్మ వచ్చి బిడ్డని లాక్కుని వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ వెంటనే గట్టిగా హత్తుకుని ఏడ్చింది. పక్కన నిలబడ్డ మేమందరం కూడా ఏడ్చాం.

సంపు మీద మూత పెట్టించి, వెంకట్రాజుని తీసుకుని మైకు గదికి వెళ్ళాను. వేసిన తాళం వేసినట్టే ఉంది. తీసి చూస్తే బల్ల మీద ఆంప్లిఫయర్ ఉండాల్సిన చోట దుమ్ము చార, పక్కన వేలాడుతున్న వైర్లు. "ఆంప్లిఫయర్ లేకుండా స్పీకర్లు పలకవు మేడం. ఏ రకంగానూ పలకవు" అన్నాడతను. మేనేజరు గారు, "జనం ఏదో విని ఏదో అనుకుని ఉంటారమ్మా" అన్నారు. కానీ ఆ సాయంత్రం దాకా గేటు దగ్గర ఒకరితో ఒకరికి పరిచయం లేనివాళ్ళు మైకులో ఆవిడ గురించి చెబుతూనే ఉన్నారు. మా స్టాఫులో మాత్రం ఒక్కరికీ ఏమీ వినిపించలేదు.

తర్వాత సెలవు దొరకగానే కాకినాడ వెళ్ళాను. కామేశ్వరి గారమ్మాయి తలుపు తీసింది. నేనింకా కూర్చోకముందే, "అమ్మకి మాటొచ్చిందండీ!" అంది. ఎప్పుడని అడిగాను. ఆ ఆదివారం మధ్యాహ్నమేనట. మంచం మీద నిద్రలో ఉండి, ఒళ్ళంతా చెమటలు పట్టి, ఉన్నట్టుండి "కూర్చో తల్లీ" అందట. ఆపరేషన్ అయ్యాక ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అదేనట.

జరిగిందంతా కామేశ్వరి గారికి చెప్పాను. బొంగురుగొంతుతో, ఆగి ఆగి మాట్లాడారు.

"నాకేం గుర్తులేదమ్మాయ్. కలొచ్చినట్టు కూడా లేదు."

"ఇంతకీ ఏమన్నారు జనం, నా గొంతు గురించి?" అని అడిగారు. చెప్పాను. మళ్ళీ చెప్పమన్నారు. "ఇన్నాళ్ళూ రోజూ అరిచినప్పుడు ఒక్కరూ అనలేదు. నేను రాని రోజునా మెచ్చుకున్నారూ!" అని నవ్వారు. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మాట రావడంలో వింతేం లేదని, కొందరికి అలాగే నెమ్మదిగా వస్తుందని వాళ్ళ డాక్టరు చెప్పారట. ఆయన చెప్పింది నిజమే అయ్యుంటుంది. ఉగాది వెళ్ళాక ఆవిడ ఉద్యోగంలో చేరారు. గొంతు మునుపంత నున్నగా లేదు గానీ, తప్పిపోయిన పిల్లలు దొరుకుతూనే ఉన్నారు.

పెళ్ళయ్యాక నేను ఆ ఉద్యోగం మానేశాను. కొన్నేళ్ళకి నరసాపురంలో ఒక శుభకార్యంలో సత్తెమ్మ నన్ను గుర్తుపట్టి పలకరించింది. పక్కన నాగమణి. పొడుగ్గా ఎదిగింది, పదో తరగతి చదువుతోంది. ఆ రోజు ఏమైనా గుర్తుందా అని అడిగాను.

"బాగా గుర్తుందండి" అంది. "ముందు మైకులో ఆవిడ దగ్గారండి. చాలాసేపు దగ్గుతూనే ఉన్నారు. గొంతు పెగలక అవస్థ పడుతున్నట్టు. పాపం ఎవరికో ఒంట్లో బాలేదు అనుకుని, వినడానికి ఆగానండి. అప్పుడు నా పేరు పిలిచారు."

కామేశ్వరి గారి ఆపరేషన్ సంగతి ఆ అమ్మాయికి గాని, వాళ్ళమ్మకి గాని నేనెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు కూడా చెప్పలేదు. ఏమని చెప్పాలో నాకే తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.