ఆ లాగ్ కాదండీ, ఈ లాగ్

ఈ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

బందరులో మాది రొయ్యల మేత ఆర్డర్లు తీసుకునే యాప్. ఆర్డరు అసలు డేటాబేసులో పడుతుంది, రైతు ఫోన్లో కనపడేది దాని కాపీలోంచి. పొద్దున ఆ కాపీ వెనకబడింది. కోడూరు రైతులు పెట్టిన ఆర్డరు కనపడక, మళ్ళీ మళ్ళీ పెట్టేశారు.

మా మేనేజరు ఫోన్ చేసి "ఇద్దరూ లాగ్ చూడండి" అని పెట్టేశారు. నేను సర్వర్ రాసుకునే లాగ్ ఫైళ్ళన్నీ తెరిచి మధ్యాహ్నం దాకా చదివాను. మొన్ననే గుడివాడ నుంచి వచ్చి చేరిన సుధ మాత్రం, కాపీ ఎంత వెనకబడిందో చూపించే గ్రాఫ్ తెరిచింది. ఎవరో పెట్టిన పెద్ద రిపోర్టు నడిచినప్పుడల్లా గీత పైకి లేస్తోంది. దాన్ని ఆపేసింది. నా టీ చల్లారేలోపు కాపీ అసలుదాన్ని అందుకుంది.

"ఆయన చెప్పింది ఆ లాగ్ కాదండీ, ఈ లాగ్" అంది, ఎంతో మర్యాదగా.

"సర్వర్ రాసే చిట్టానీ లాగ్ అంటాం, కాపీ వెనకబాటునీ లాగ్ అనే అంటాం కదమ్మా!"

"అవునండీ. అందుకే నేను ఆయన్ని మళ్ళీ అడిగాను."

రెండేసి పడ్డ ఆర్డర్లు రద్దు చేసే పని మాత్రం నాకొచ్చింది.

సాయంత్రానికి మేనేజరు నోట "సుధ గారూ" అని వచ్చేసింది. ఇన్నేళ్ళ సర్వీసులో నేనింకా "ఏవోయ్"నే. ఆ 'గారు' నా దాకా రావడానికి ఇంకెంత లాగ్ ఉందో, ఏ లాగ్ చూస్తే తెలుస్తుందో, మీరైనా చెప్పండి.