పట్టు మగ్గం కింద గంజి కాళ్లు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరు తుమ్మినా ఎవరూ తల తిప్పి చూసేవాళ్లు కాదు. మగ్గం ఉన్న ఇల్లు, దారం నూగు ఎప్పుడూ గాలిలో తేలుతూనే ఉండేది. మగ్గం మీద బాపు తుమ్మేవాడు, రాట్నం ముందు కండెలు చుట్టుకుంటూ అవ్వ (అమ్మను అట్లనే పిలిచేదాన్ని) తుమ్మేది, వాళ్లిద్దరి నడుమ నేను తుమ్మేదాన్ని. తెలంగాణ వచ్చిన కొత్తలు. జంతుశాస్త్రంతో డిగ్రీ చేసి, మర్రిగూడ దిక్కు ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్తున్న. నా పెండ్లి గురించి నాకు తప్ప ఊరందరికీ తొందరగా ఉన్న కాలం. (తొందరపడ్డ వాళ్లలో ఒక్కరు కూడా తర్వాత నా సంసారం ఎట్లుందని అడగలేదు. అది వేరే ముచ్చట.)

బడి పిల్లలను నందికొండ డ్యామ్ చూపించడానికి తీసుకపోయి, తిరిగి వస్తుంటే రోడ్డు పక్కన బుట్టలో కుందేలు పిల్లలు కనబడ్డాయి. ఒక్కోటి అరచేతిలో పట్టేంత. రెండు కొనుక్కొచ్చి పెద్దదూది, చిన్నదూది అని పేర్లు పెట్టిన. అవ్వ చూసి, "పైసలిచ్చి ఎలుకలను తెచ్చుకున్న పిల్లను నిన్నే సూస్తున్ననే" అన్నది. "ఎలుక కాదవ్వా, దాని జాతే వేరు" అని నేను పాఠం మొదలుపెట్టిన. "జాతి నువ్వు సెప్పు, పెంటికలు నేనెత్తుత" అని రాట్నం తిప్పుకున్నది. మగ్గం గుంత పక్కనే చెక్కపెట్టెలో వాటికి జాగా ఇచ్చినం. చలి పెడుతుందని పైన గోనెసంచి కూడా కప్పినం. మహారాజ భోగమే అనుకున్నం.

కొన్నాళ్లకు చిన్నదూది ముందుకాళ్ల లోపలి బొచ్చు అట్టకట్టింది. పట్టుకుంటే బిరుసుగా, గంజి పెట్టి ఆరేసిన పడుగు దారంలాగ. మా ఇంట్లో ఏది అట్లా గట్టిపడ్డా కారణం ఒక్కటే: గంజి. "గంజి గిన్నె మూత తీసి ఎవలు పెట్టిన్రు? ఇగో, నీ ఎలుక అండ్ల కాళ్లు ముంచింది" అని అవ్వ. "నేనెందుకు తీస్త? నువ్వే తీసి మరిచినవ్" అని నేను. ఉడుకునీళ్ల గుడ్డతో అవ్వే తుడిచింది. మర్నాటికి మళ్లీ అట్టకట్టింది. మళ్లీ లొల్లి. పక్కింటోళ్లు గోడకు చెవులు పెట్టి విన్నంత లొల్లి.

చేయని తప్పు మీదేసుకునే గుణం నాకు పుట్టుకతోనే లేదు. ఒక ఆదివారం పొద్దున, అవ్వను కూసోబెట్టి, బాపును సాక్షిగా పిలిచిన.

"బాపూ, ఇప్పుడు మగ్గం మీద ఏమున్నది?"

"పట్టు."

"పట్టుకు గంజి పెడ్తరా?"

"నీకేమన్న పిచ్చి లేసిందా?"

"మరి గంజి ఎప్పుడు కాసినం?"

"నూలు చీరలు నేసినప్పుడు. పట్టు ఎక్కినంక కాయనే లేదు."

"విన్నవా అవ్వా! ఇంట్ల గంజే లేదు. ఇగ అది కాళ్లు దేంట్ల పెట్టింది?"

అవ్వ నోరు మూతపడింది. ఆ దృశ్యం చూడడానికి నేను పుట్టినప్పటి నుంచి ఎదురుచూస్తున్న. అంతలో బాపు మెల్లగా, "గంజి కాకపోతే మరి అదేంది బిడ్డా?" అన్నాడు. దానికి జవాబు నేను చెప్పలేదు, చిన్నదూది చెప్పింది. సన్నగా 'ఛిప్' మని తుమ్మి, రెండు ముందుకాళ్లూ ఎత్తి ముక్కు తుడుచుకున్నది, అచ్చం మా ఆరో తరగతి పిల్లలు చొక్కా చేతులకు తుడుచుకున్నట్టే. గెలిచిన నా నోరు తెరుచుకునే ఉండిపోయింది. ఇంట్లో ఇన్నాళ్లూ తుమ్మింది మేం ముగ్గురమే కాదన్నమాట!

"అయ్యో, పసిదానికి సర్దే!" అని అవ్వ లేచింది. ఎలుక ఒక్క తుమ్ముకు పసిది అయిపోయింది! నీళ్లు పోసిన పసిపిల్లలకు పట్టినట్టు, నిప్పుల మీద సాంబ్రాణి వేసి పెట్టె దగ్గరికి తెచ్చింది. "పొగ వద్దవ్వా, దానికి ఊపిరాడదు" అన్న. "నీకు పట్టలేదా పొగ? నీకేమన్న ఊపిరి తక్కువైందా? ఊరంతా వినబడుతున్నవ్" అన్నది. నాలుక మీద మంచి జవాబు ఉండె. కానీ పొగ సోకంగనే చిన్నదూది మెడ సాచింది, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. పొద్దున వేసిన గరిక వేసినట్టే ఉన్నది. ఒక వాదన నడుమ నేను నోరు మూసుకున్నది అప్పుడే. నిప్పులు బయట పారబోసి, దాన్ని కండెల బుట్టలో పెట్టుకుని ఉరికిన. వెనక అవ్వ.

పశువుల దవాఖానలో మా ముందు ఒక బర్రె. దాని ఆసామి బుట్టలోకి తొంగిచూసి, "కూరకా అమ్మా?" అన్నాడు. అవ్వ వాణ్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. (బర్రె కూడా చెవులు ఆడించింది.) డాక్టరు మా ఇద్దరి వాదన వినకుండా ముందుకాళ్లు తిప్పి చూసి, గోనెసంచి సంగతి అడిగాడు. "ఉచ్చ వాసన, దారం నూగు, పైన మూత, ఇగ పొగ కూడానా? కుందేలు ముక్కుతోనే గాలి పీలుస్తది. నోరు తెరిచిందంటే చెయ్యి దాటినట్టే. సంచి ఎవరు కప్పిన్రు?" నేనూ అవ్వా ఒక్కసారే "బాపు" అన్నం. "ఇంట్ల సర్ది గోలీ ఉన్నది, సగం వేద్దునా?" అని అవ్వ అంటే, "మనుషుల మందు వేసి చంపుకోకమ్మా" అని, తూకం చూసి చుక్కల మందు ఇచ్చాడు. రెండోదానికి దూరంగా, గాలి తగిలే అర్రలో పెట్టమన్నాడు. "తింటున్నదా లేదా, అదొక్కటి చూస్తుండుండ్రి. తినుడు మానితే ఆగకుండ తీసుకరాండ్రి."

బయటి అర్ర కిటికీ తెరిచి అక్కడ పెట్టినం. అవ్వ రాట్నం వదిలేసి గడప మీదే కూసున్నది. "తింటున్నవా బిడ్డా?" అని కుందేలును అడుగుడు, అది మాట్లాడకపోతే నన్ను తిట్టుడు. ఒకనాడు బడి నుంచి వచ్చేసరికి అవ్వ వాకిట్లో నిలబడి కొంగు ఎత్తి వాడకట్టుకంతా చూపిస్తున్నది. కొంగు చివర గుండ్రంగా కొరికిన తూటు. "సూడున్రి, తింటాంది! నా సీరె తింటాంది!"

ఏండ్ల తర్వాత కరోనా వచ్చింది. పుట్టింటికి పోయి ఒక్క తుమ్ము తుమ్మిన. అవ్వ వేలు అదే అర్ర దిక్కు చూపింది. కిటికీ తెరిచింది. గడప అవతలి నుంచి, "తింటున్నవా?" అన్నది. "నేనేమన్న కుందేలునా?" అన్న. "కుందేలైతే గిన్ని మాట్లాడకపోవు" అన్నది.

ఇప్పుడు అవ్వ లేదు. కాలం మారింది, నేను తుమ్మితే ఇంట్లో అందరూ తల తిప్పి చూస్తారు, కొందరు కుర్చీ కూడా జరుపుతారు. తింటున్నవా అని మాత్రం ఎవరూ అడగరు. అందుకని నేనే పళ్లెం ముందేసుకుని, "తింటున్ననే అవ్వా, నీ సీరె తప్ప అన్నీ తింటున్న" అని పైకే అంటా. జవాబు రాదు. మా వాదనల్లో ఆఖరి మాట నాకు దక్కేది ఇప్పుడే.