జోరా ఎడమవైపు ముడి

ఓవలీన్ స్టిడమ్‌కు మ్యూజియం అంటే మొదటినుంచీ గిట్టదు. వాడుతున్నన్నాళ్ళూ ఎవరూ మొహం చూడని సామానును, వాడేవాళ్ళు పోయాక అద్దాల మధ్య పెట్టి చుట్టూ తాడు కట్టే చోటని ఆమె అభిప్రాయం. కెంటకీ కొండల్లో పుట్టింది, అక్కడే డెబ్బై మూడేళ్ళు నిండాయి. ఎనిమిదో ఏట పట్టిన కత్తి ఇంకా దించలేదు. తెల్ల ఓక్ దుంగ చీల్చి, బద్దలు గీసి, గుడ్ల బుట్టలు అల్లుతుంది. చెట్టు తిన్నగా చీలుతుందో లేదో బెరడు చూసి చెప్పేస్తుంది.

కౌంటీ మ్యూజియంలో ఏటా అమెరికన్ కళలు, చేతిపనుల ప్రదర్శన జరుగుతుంది. చర్చివాళ్ళు బతిమాలితే రెండేళ్ళు తన బుట్టను పంపింది. రెండుసార్లూ ‘కొత్తదనం లేదు’ అని తిప్పి పంపారు. రెండో ఏడు మొదటి బహుమతి ఎవరో పళ్ళ డాక్టరు రాగితీగతో అల్లిన బుట్టకు దక్కింది. ఆ సందుల్లోంచి గుడ్డేమిటి, గుమ్మడికాయ కూడా జారిపోతుంది.

“గుడ్డు నిలవని బుట్టకి బహుమానమంట! వచ్చే ఏడు నీళ్ళు నిలవని బకెట్టు పంపుతానుండండి,” అని చర్చి మెట్ల మీద అందరూ వినేలా అంది.

అలాంటి మనిషి గుమ్మంలోకి ఈ ఏడు మ్యూజియం పెద్ద, డాక్టర్ ప్రెస్టన్ విట్లో, తనంతట తానే వచ్చాడు. వరండాలో చిక్కుడుకాయలు పోసి ఉన్న పాత బుట్టను చూసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కాయలు కింద పారబోసి మరీ, పిడీ అంచూ కలిసే చోట కన్నులా అల్లిన ముడిని వేలితో తడిమాడు.

“ఎడమవైపు తిరిగింది!” అన్నాడు.

ఈ లోయలో తప్ప ఇంకెక్కడా ఆ ముడి ఎడమకు తిరగదు. దాని మీద ఆయన ఒక పుస్తకమే రాశాడు. రెండు వందల ఏళ్ళ కిందట జర్మనీ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఆ పద్ధతిని మోసుకొచ్చిందని ఆయన తేల్చాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళు చదువుకున్నవాళ్ళలోనే ఎక్కువ.

“ఈ బుట్ట ప్రదర్శనకి ఇస్తారా, ఓవలీన్ గారూ?”

ఆమె ముందు కాయలు ఏరుకుంది. తరవాత అడిగింది: “ఇది మా అమ్మ అల్లింది. ఆవిడ పేరు రాస్తావా?”

“తప్పకుండా.”

“చీటీ మీద. పెద్ద అక్షరాలతో. జోరా స్టిడమ్ అని.”

“మాటిస్తున్నానండీ.”

ఆ మాటకే ఆమె మెత్తబడి బుట్ట ఇచ్చేసింది. జోరా అల్లినవి ఇదొక్కటి తప్ప అన్నీ కొట్లో ఉప్పుకీ పిండికీ పోయాయి. సమాధి మీదైనా పేరు లేదు, ఏటిలోంచి తెచ్చి నిలబెట్టిన రాయి ఒకటుంది. అమ్మ పేరు అచ్చులో చూడాలని ఓవలీన్‌కు ఎంత ఆశో, ఆ ఆశను చూసి తనకే అంత సిగ్గు.

ప్రదర్శన మొదలయ్యే రోజు చర్చికి వేసుకునే గౌను తొడుక్కుని వెళ్ళింది. తాడు అవతల, ఎత్తైన తెల్ల దిమ్మ మీద బుట్ట కూర్చుంది. కళ్ళజోడు తుడుచుకుని చీటీ చదివింది. ‘గుడ్ల బుట్ట. జర్మన్ సంప్రదాయం. అల్లినవారు: తెలియదు.’

విట్లో పక్కనే ద్రాక్షసారా గ్లాసులు పట్టుకున్న పెద్దమనుషులకు జర్మనీ సంగతులు చెబుతున్నాడు. ఆమె వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

“తెలియదా? నా నోటితో చెప్పాను కదయ్యా!”

“కోపం తెచ్చుకోకండి,” అన్నాడు గొంతు తగ్గించి. “పేరు రాస్తే అది ఒక మనిషి చేసిన వస్తువైపోతుంది. పేరు లేకపోతేనే ఒక సంప్రదాయమంతా అందులో కనిపిస్తుంది. అది మీ అమ్మగారికి ఇంకా గొప్ప కదా?”

“ఆ గొప్పేదో నీ పుస్తకం మీద చెయ్యి నాయనా. నీ పేరు చెరిపేసి, రాసినవారు తెలియదని వెయ్యి.”

గ్లాసువాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె వాళ్ళ వైపు తిరిగింది.

“జర్మనీ లేదు, గిర్మనీ లేదు. తొమ్మిదో ఏట, పాకానికి తీపిజొన్న ఆడే గానుగలో పడి మా అమ్మ కుడిచేతి రెండు వేళ్ళు నలిగిపోయాయి. బద్దని ఎడంచేత్తో లాగేది, అందుకే ముడి ఎడమకి తిరిగేది. ఈ లోయలో ఆరుగురికి నేర్పింది. ఎవరైనా కుడికి తిప్పితే వీపు మీద బద్ద విరిగేది. అదీ మీ సంప్రదాయం!”

తలుపు దగ్గర కాపలా ఉన్న డ్యూయిట్ తల ఊపాడు. “నిజమేనత్తా. ఆ దెబ్బలు మా అమ్మా తింది.”

విట్లో మొహం ఒక్క క్షణం పాలిపోయింది. ఆ తరవాత చిరునవ్వొచ్చింది. జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

“ఎంత చక్కటి జానపద కథ! దీన్ని కూడా రికార్డు చెయ్యాలి,” అన్నాడు.

ఓవలీన్ ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. పురుగు పట్టిన దుంగను పక్కకు తోసేటప్పుడు అలాగే చూస్తుంది. ఇక ఆ మనిషితో ఒక్క మాటైనా అనవసరమనిపించింది. తాడెత్తి లోపలికి నడిచింది.

“మేడమ్, ముట్టుకోకూడదు!” అని ఎవరో అరిచారు.

బుట్టను దించి నడుముకు ఆనించుకుంది. చీటీ తీసి వెనక్కి తిప్పింది.

“ఒరేయ్ డ్యూయిట్, కలముందా?”

డ్యూయిట్ తన జేబులోని కలం ఇచ్చి, వెళ్ళి వీధి తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె నిదానంగా, పెద్ద అక్షరాలతో రాసి, ఖాళీ దిమ్మ మీద చీటీ నిలబెట్టి బయటికి వెళ్ళిపోయింది. గ్లాసులవాళ్ళంతా చుట్టూ మూగి చదివారు.

‘జోరా స్టిడమ్ అల్లింది. గుడ్లు పెట్టుకోవాలి, కూతురు పట్టుకెళ్ళింది.’