ఎండలో సంతాప సభ

ఆ రోజుల్లో నాయకత్వమనేది గొంతులో ఉంటుందని నేను గట్టిగా నమ్మేదాన్ని. ఇంజనీరింగు పూర్తిచేసి, కర్నూలు అవతల మెట్టలో ఉన్న ఒక సోలార్ ప్లాంటులో సూపర్‌వైజరుగా చేరిన కొత్త. అంతకుముందు ఇచ్చిన శిక్షణలో, అందరినీ కలుపుకుని పోవాలని చెప్పి పంపారు. (ఎలాగో కూడా చెప్పే ఉంటారు, బహుశా భోజనం తర్వాత నేను కునుకు తీస్తున్నప్పుడు.) నా కింద ప్యానెళ్లు తుడిచేవాళ్లలో సగం మంది మా కోడుమూరు వైపు పల్లెల ఆడవాళ్లు, సగం మంది ఒడిశా నుంచి వచ్చిన మగవాళ్లు. వీళ్ల మాట వాళ్లకు రాదు, వాళ్ల మాట వీళ్లకు రాదు. నేనేం చెప్పినా నీళ్ల ట్యాంకరు నడిపే సాయిబన్న ఉర్దూలోకి మార్చేవాడు. దాన్ని ఒడియా వాళ్ల పెద్దమనిషి తన భాషలోకి మార్చేవాడు. నా ఆజ్ఞ చివరిదాకా చేరేసరికి ఏమై ఉండేదో దేవుడికే తెలియాలి.

నడివేసవిలో ఒక మధ్యాహ్నం, ఆ ఒడియా వాళ్లలో ఒకతను ప్యానెళ్ల మధ్యనే కూలిపోయాడు. నా ఈడువాడే. తల తిరుగుతోందని పొద్దుటినుంచీ చెబుతూనే ఉన్నాడట. పక్కన పనిచేస్తున్న ఆడవాళ్లకు ఆ మాట అర్థం కాలేదు. ఏదో తమాషాకు అంటున్నాడనుకున్నామని తర్వాత తలలు బాదుకున్నారు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. వడదెబ్బ అన్నారు.

శవాన్ని వాళ్ల ఊరికి పంపిన మరునాడు, సంతాప సభ పెట్టమని మేనేజరు నాకు పురమాయించాడు. ఆ ఉపన్యాసాన్ని నేను అద్దం ముందు సాధన చేశాను. ఫోనులో అమ్మకు వినిపిస్తే, ఎలక్షన్లో నిలబడుతున్నావా అని అడిగింది. ఆఫీసు ముందు ఖాళీ స్థలంలో, మిట్టమధ్యాహ్నం అందరినీ వరుసగా నిలబెట్టి, మనమంతా ఒకే కుటుంబమని మొదలుపెట్టాను. నేను చాలాసేపు మాట్లాడితే సాయిబన్న ఒక్క వాక్యంలో ముగించాడు. ఒడియా పెద్దమనిషి దాన్ని రెండు ముక్కల్లో తేల్చేశాడు. నాకు అనుమానం వచ్చి, అంతా చెప్పావా అని సాయిబన్నను అడిగాను.

"మీరు బాధపడతాండారని చెప్పినా మేడమ్," అన్నాడు నెమ్మదిగా. "మిగతాది వాళ్లకేం అక్కర లేదులే."

నేను మళ్లీ అందుకోబోతుంటే, మావాళ్లలో అందరూ పెద్దక్క అని పిలిచే ఆమె కొంగు నెత్తిన సర్దుకుంటూ ముందుకొచ్చింది.

"ఏమనుకోవద్దు మేడమ్మా. ఆ పిల్లోడు ఈ ఎండకే పాయె. నువ్వు మమ్మల్ని శానాసేపటి నుంచీ ఎండలోనే నిలబెట్టినావు. యాడన్నా నీడకు పోయి మాట్లాడుకుందామా?"

ఆమె మాటలో ఎగతాళి లేదు. అదే నన్ను నిలువునా కుదిపింది. అక్కడ అందరూ పట్టే నీడంటే ఒక్క కంట్రోల్ రూమే, ఏసీది. దుమ్ము పడుతుందని పనివాళ్లను గడప తొక్కనిచ్చేవారు కాదు. తాళం నా దగ్గరే ఉంది. తీశాను. చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి, గోడలకు ఆనుకుని కింద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. అప్పుడు ఒడియా పెద్దమనిషి తనంతట తనే మాట్లాడటం మొదలుపెట్టాడు. సాయిబన్న తెలుగులో చెప్పబోతే పెద్దక్క చేత్తో వారించింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మా ఆడవాళ్లు ఆయనతోపాటే ఏడ్చారు.

కళ్లు తుడుచుకున్నాక వాళ్లు అడిగినవి చిన్న విషయాలే. ఎండ ముదరకముందే పని ఆపాలి. బాధ చెప్పుకునే మాటలు ఒకరివి ఒకరికి నేర్పాలి. అంతలో మేనేజరు వచ్చి, వీళ్లను లోపలికి ఎవరు రానిచ్చారని అడిగాడు.

"నేనే సార్. మీరూ కూర్చోండి," అన్నాను. (కూర్చోలేదు. ప్యాంటు ఇస్త్రీ నలుగుతుంది కదా.)

మధ్యాహ్నాలు ఎండలో పనిచేయించడం ఆగింది. నన్ను బద్వేలు వైపు ప్లాంటుకు బదిలీ చేశారు. రెండూ ఒకే వారంలో జరిగాయి.

ఇప్పుడు ఇక్కడ నేనే పెద్దను. ఒడియాలో నేను మొదట నేర్చుకున్నవి దాహం, తలతిప్పు, నొప్పి. ఆ మాటలు నా కోడుమూరు యాసలో అంటే ఇక్కడి ఒడియా కుర్రవాళ్లు విరగబడి నవ్వుతారు. నవ్వనిస్తాను. నవ్వి, సరిదిద్ది, ఆ తర్వాత తమకేమైందో చెబుతారు. చెమటలు కక్కుతూ ఉపన్యాసం దంచిన అప్పటి పిల్లను తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. కానీ పూర్తిగా రాదు. ఆ పిల్లకు ఎదురుగా నిలబడ్డ వరుసలో ఒక మనిషి తక్కువ.